తీసేసిన మాట

నాలుగింటికి లేవాల్సిన తెర నాలుగుంపావైనా లేవలేదు. ఏడో వరుసలో, గోడ పక్కనుంచి రెండో కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమె తెర అంచుకూ చెక్కనేలకూ మధ్య ఉన్న బెత్తెడు సందునే చూస్తోంది. ఆ సందులో కాళ్ళు కనిపిస్తున్నాయి. అటు వెళ్ళినవి తెర లాగే ముసలాయనవి, కుడి మడమ ఎప్పుడూ కాస్త ఈడుస్తాడు. ఇటు పరుగెత్తినవి మేష్టారివి. నాటకం ఆడించే మనిషి చెప్పులు విడిచి పరుగెడుతున్నాడంటే లోపల ఏదో కొంప మునిగినట్టే. సాంకేతిక కారణాలని మైకులో చెప్పారు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. ముప్పై ఆరేళ్ళలో ఆ మాట వెనక ఒకసారి తాగి పడుకున్న విలన్ ఉన్నాడు, ఒకసారి తలుపుతో సహా ఊడొచ్చిన గోడ ఉంది, ఒకసారి కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ ఆమే ఉంది. అప్పుడెప్పుడూ ఇవతలవాళ్ళు ఏం చేస్తుంటారా అన్న ఆలోచన రాలేదు. తెర వెనక నిలబడి వింటే వీళ్ళంతా కలిసి ఒక్కటే చప్పుడు, మరగబోయే నీళ్ళ చప్పుడు. ఇప్పుడు మధ్యలో కూర్చుంటే ఆ చప్పుడు విడివిడి మనుషులైపోయింది. ముందు వరుసలో ఒకాయన అల్లుడికి పోయిన ఉద్యోగం గురించి చెబుతున్నాడు, వెనక ఎవరో బిస్కెట్ల పొట్లం చప్పుడు కాకుండా విప్పాలని చూసి మరింత చప్పుడు చేస్తున్నారు, తెర వెనక ఏముందమ్మా అని ఒక పసిపిల్ల అడిగితే "ఇల్లు" అంది తల్లి. ఇల్లే. నిప్పు అంటుకోని పొయ్యి, ఒక బల్ల, రెండు కుర్చీలు, వెనక్కి వెళ్ళి చూస్తే అట్టముక్కలకు మేకులు కొట్టిన గోడలు. ఆ ఇంట్లో ఆమె మూడువందల పన్నెండుసార్లు కొడుకును పోగొట్టుకుంది.

కొడుకు పోవడం తెర లేవకముందే అయిపోతుంది. నాటకం మొదలయ్యేసరికి ఏడాది గడిచి ఉంటుంది. పిల్లవాణ్ణి లారీతో గుద్దినవాడు శిక్ష పూర్తి చేసుకుని ఒక సాయంత్రం ఆ తల్లి గుమ్మంలోకి వస్తాడు. టోపీ రెండు చేతుల్లో నలుపుతూ నిలబడతాడు. ఆవిడ తిడుతుంది, అడుగుతుంది, కొడుకు చొక్కాలు తెచ్చి అతని కాళ్ళ దగ్గర పడేస్తుంది, అలిసిపోతుంది, లోపలికి వెళ్ళి కంచం తెచ్చి బల్ల మీద పెట్టి "కూర్చో, తిని వెళ్ళు" అంటుంది. మూడంటే మూడే మాటలు. ఆ తర్వాత ఇంకో పావుగంట నాటకం ఉంది కాని, జనం ఇంటికి పట్టుకెళ్ళేది ఆ మూడు మాటలనే అని మేష్టారు అనేవారు. మొదట్లో ఆ మాటల్ని ఏడుస్తూ అనేది, తర్వాత కోపంగా, ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఏడుపూ కోపమూ ఎండిపోయాక, పక్కింటివాళ్ళతో అన్నట్టు మామూలుగా. అలా మామూలుగా అన్నప్పుడే చీకట్లోంచి ఆ నిట్టూర్పు వచ్చేది. నాలుగువందలమంది ఒక్కసారే వదిలిన ఊపిరి వేడిగా వచ్చి ముఖానికి తగిలేది. దీపాలు కళ్ళల్లో కొడుతుంటాయి కాబట్టి ఒక్క ముఖమూ కనిపించదు, ముప్పై ఆరేళ్ళలో ఒక్కటీ కనిపించలేదు. పెళ్ళైన మూడేళ్ళకే వెళ్ళిపోయిన మనిషి గుమ్మం దగ్గర ఆగి, నువ్వు ఉన్నదంతా వాళ్ళకు ఒలకబోసి ఇంటికి ఖాళీ చెంబుతో వస్తావు అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది, ఇప్పుడు తలుచుకుంటే నిజమే అనిపిస్తోంది. బెంగ పెట్టుకోవడానికి ఎవరికైనా ఒక మనిషి ఉంటాడు, ఒక ముఖం ఉంటుంది. ఆమెకు బెంగ చీకటి మీద. నాలుగు నెలలుగా పొద్దున్నే పళ్ళు తోముకుంటున్నప్పుడు, కూర తరుగుతున్నప్పుడు, మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగినప్పుడు, అటువైపు ఎవరూ లేరన్న సంగతి చలిగాలిలా తగులుతుంది. ఏమన్నా అంటే చెల్లెలు వింటుంది, వింటూ గిన్నెలు సర్దుతుంది. ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు ఎవరూ లేరు.

నాలుగు నెలల కిందట ఇదే హాలు. కంచం బల్ల మీద పెట్టింది, చేయి ఇంకా కంచం అంచు మీదే ఉంది. మాట లేదు. నాలుక చివరికి వచ్చి ఆగిపోయిన మాటైతే వెతికి పట్టుకోవచ్చు, అది ఆమెకు కొత్త కాదు, వందసార్లు వెతికి పట్టుకుంది. ఇది అలాంటిది కాదు. ఈ వంటిల్లు ఎవరిది, టోపీ నలుపుతూ నిలబడ్డ ఇతను ఎవరు, నేల మీద ఈ చొక్కాలేమిటి, ఇంత వెలుతురు ఎందుకు. ఎంతసేపో తెలియదు, నిమిషమని తర్వాత అన్నారు. అప్పుడు చీకట్లో ఎక్కడో ఒక కుర్చీ టక్కున ముడుచుకున్న చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత వర్షం మొదలైనట్టు వరుసలన్నీ. జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు. టోపీ మనిషి తెలివైనవాడు, ఆ చప్పట్లలోనే తనంతట తను కూర్చుని తినడం మొదలుపెట్టాడు, అతని దవడ కదలడం చూస్తుంటే ఆమెకు అన్నీ తిరిగొచ్చాయి. మర్నాడు పేపర్లో ఆ మౌనాన్ని పొగుడుతూ రెండు కాలమ్‌లు రాశారు. మేష్టారు ఇంటికొచ్చి, ఇన్నేళ్ళూ ఆ మాట అనవసరంగా మోశాం, ఇకనుంచి మాట వద్దు, ఆ మౌనమే ఉంచుదాం అన్నారు. ఇక వేషం వెయ్యలేనంది ఆమె. గొంతు బాగాలేదని చెప్పింది, అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. డాక్టరు బొమ్మలు చూపించి పేర్లు అడిగాడు, వందలోంచి ఏడేడు తీసేయమన్నాడు, చివరికి కళ్ళజోడు తీసి, ఇది మొదలమ్మా, నెమ్మదిగానే వెళ్తుంది అన్నాడు, ఎక్కడికి వెళ్తుందో చెప్పలేదు. చెల్లెలు వంటింటి డబ్బాలన్నిటికీ కాగితాలు అతికించింది. ఉప్పు మీద ఉప్పు, పంచదార మీద పంచదార. నా మీద కూడా ఒకటి అతికించవే, ఎవరికైనా దొరికితే తెచ్చి ఇస్తారు అంది ఆమె. చెల్లెలు నవ్వలేదు.

"మొదటిసారా అమ్మా?"

పక్క కుర్చీలో డెబ్భై ఏళ్ళావిడ. ఒళ్ళో పెద్ద తోలుసంచి, దాని పట్టీ ఇంకా భుజానికే ఉంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఆమె తలూపింది. ఇవతల కూర్చోవడం మొదటిసారే.

"నాకిది పద్నాలుగోసారి. మా కోడలంటుంది, తెలిసిన కథకి మళ్ళీ మళ్ళీ ఎందుకెళ్తారత్తయ్యా, ఇంట్లో టీవీ లేదా అని. ముప్పై రెండేళ్ళు ఒకే రూట్లో బస్సులో కండక్టర్‌గా తిరిగాను, ఏ స్టాపు తర్వాత ఏ స్టాపో తెలిస్తేనే నాకు హాయే అన్నాను." నవ్వి, గొంతు తగ్గించింది. "ఇప్పుడు వేసేది ఎవరో కొత్తమ్మాయి. పెద్దావిడకి గొంతు బాగాలేదంట. గొంతు కాదులెండి."

"మరి?"

"మర్చిపోయిందమ్మా పాపం. ఆ రోజు నేనున్నాను, ఇదే వరుస. అందరూ ఏం నటన, ఏం నటన అన్నారు. ఎక్కడ దిగాలో మర్చిపోయినవాళ్ళ మొహం నాకు తెలీదా? బస్సు ఆగుతుంది, కిటికీలోంచి చూస్తారు, అది వాళ్ళ వీధే, కానీ తెలీదు. అట్లాంటివాళ్ళు కనిపిస్తే నేను లేచి వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. అదే అలవాటు. ఆవిణ్ణి అట్లా చూసేసరికి ఉండబట్టలేక లేచాను, వెళ్ళి పట్టుకుందామని. ఇంతలో నా వెనకాయన లేచాడు, ఆయన్ని చూసి ఆ పక్కన. తిరిగి చూద్దును కదా, హాలు హాలంతా లేచి చప్పట్లు! ఇంకేం చేస్తాను? నేనూ కొట్టాను."

ఆమె తన చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఆ కుర్చీ చప్పుడు. మొదటి కుర్చీ. నాలుగు నెలలుగా ఆ చప్పుడు నిద్రలో వినిపిస్తుంటే, నేను లేనప్పుడు కదా వీళ్ళు నాకోసం లేచారు అని అవమానంతో దిండులో ముఖం దాచుకుంది. ముప్పై ఆరేళ్ళూ ప్రాణం పెట్టి చేసినప్పుడు కూర్చునే ఉన్నారు, లోపల ఎవరూ లేని ఒక్క నిమిషానికి లేచి నిలబడ్డారు, అయితే అన్నేళ్ళూ చేసిందేమిటి, ఎవరికి చేసినట్టు. ఇప్పుడు ఈవిడ అంటోంది, మెచ్చుకోవడానికి కాదు, పట్టుకోవడానికని. నవ్వొచ్చింది. నవ్వు కిందనుంచి ఇంకేదో వస్తుంటే ముక్కు చీదుకుంది. చూశారన్నమాట. ఆ చీకట్లోంచి ఒకరు తనను చూశారు, పాత్రను కాదు, పాత్రలోంచి జారిపోతున్న మనిషిని.

"మరి పద్నాలుగుసార్లు ఎందుకు?" అని అడిగింది. ఎందుకు అడిగిందో తెలియదు, నటన గురించి ఒక మంచిమాట వినాలన్న పాత ఆకలి కాబోలు.

కండక్టరావిడ తెరవైపు చూస్తూ సంచి మూతి మడత సరిచేసింది. "ఒకసారి రైట్ చెప్పాను. చూసుకోకుండా చెప్పాను. వెనక మెట్టు మీద ఒకాయన ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. బస్సు కదిలింది." చేత్తో గాలిలో చిన్నగా కొట్టింది, బస్సు పక్కరేకు మీద కొట్టినట్టు. "డ్రైవర్ తప్పు కాదు. విచారణ చేసినవాళ్ళు నాదీ కాదన్నారు, రద్దీ అన్నారు. కానీ రైట్ అన్నది నేనే కదా. వాళ్ళమ్మ ఉండేది. మూడుసార్లు వాళ్ళ వీధి మలుపుదాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. నాలుగోసారి వెళ్దామనుకునేసరికి ఆవిడా పోయింది. మా కోడలికి తెలీదు ఇదంతా. ఆ లారీ అతను గుమ్మంలో నిలబడతాడు చూడండి, నేను నిలబడలేదు, అతను నిలబడతాడు. అప్పుడావిడ అంటుంది. కూర్చో, తిని వెళ్ళు. ఆ మాట కోసం వస్తానమ్మా. ఇప్పుడు తీసేశారు. నాలుగు నెలల్నుంచీ లేదు. ఊరికే చూస్తూ నిలబడుతోంది ఆ పిల్ల. అయినా వస్తున్నాను, ఏమో, ఒకరోజు అంటుందేమోనని."

పసిపిల్ల మళ్ళీ ఏదో అడిగింది, తల్లి ష్ అంది. మూడు మాటలు. వాటిని ఎలా పలకాలో, "కూర్చో" తర్వాత ఎంత ఆగాలో, చూపు కంచం మీద ఉంచాలా టోపీ మీద ఉంచాలా అని ఆమె ఇన్నేళ్ళు కసరత్తు చేసింది. ఎవరికి చెబుతున్నానన్నది ఒక్కటే ఆలోచించలేదు. టోపీ మనిషికి చెబుతున్నాననుకుంది. ఇక్కడ, ఏడో వరుసలో, భుజానికి సంచి తగిలించుకుని ఒక మనిషి గుమ్మంలో నిలబడి ఉంటే, అన్నిసార్లు లోపలికి పిలిచానని తెలియకుండానే పిలిచి, ఒక సాయంత్రం తలుపు మూసేసింది. మూసేసినందుకు చప్పట్లు కొట్టారు.

ఎవరో వంగి వంగి వరుసల మధ్యనుంచి వస్తున్నారు. కుడి మడమ ఈడ్పు. తెర లాగే ముసలాయన ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని చెవిలో అన్నాడు.

"పెద్దక్కా, నువ్వొచ్చావని మేష్టారు చూశారు. ఆ పిల్ల మేకప్ గదికి గడియ పెట్టేసుకుంది, బతిమాలినా తియ్యట్లేదు. నీ మాటయితే వింటుంది. రా."

ఎంత చెవిలో అన్నా నాటకంవాళ్ళ గుసగుస నాలుగు కుర్చీలకు వినిపిస్తుంది. కండక్టరావిడ ఆమెకేసి తిరిగి చూసింది, పాసు మీది ఫోటోనూ ఎదుటి మనిషినీ పోల్చుకునే చూపు, నుదురు దగ్గర మొదలై గడ్డం దాకా. ఆమె లేస్తుంటే, "ఆ చేతిసంచి ఇలా పెట్టి వెళ్ళండి. సీటు ఎక్కడికీ పోదు" అంది.

పక్కతలుపు, మూడు మెట్లు, తాళ్ళు, దుమ్ము, రంగు వాసన. వాసన తగలగానే ఒళ్ళు దానంతటదే నిటారైంది. మేష్టారు చెప్పుల్లేకుండా గది ముందు నిలబడి ఉన్నారు, నెత్తిమీద ఉన్న నాలుగు వెంట్రుకలూ నాలుగు దిక్కులకు లేచి ఉన్నాయి. ఆమెను చూడగానే చేతులు పట్టుకున్నారు. "దేవతలా వచ్చావు. నువ్వే వెయ్యి. నీ పాత చీర పెట్టెలోనే ఉంది, పది నిమిషాలు చాలు. గొంతు సంగతి చూసుకోవచ్చు, మైకు పెంచుతాను."

"మధ్యలో మర్చిపోతేనో?"

"మర్చిపో!" అని నవ్వారాయన. "మళ్ళీ ఆ నిమిషం వస్తే అంతకన్నా ఏం కావాలి మనకి?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె చెప్పలేదు కాబట్టి ఆయనకు తెలియదు. తెర అవతల హాలు మరుగుతోంది, ఆలస్యానికి విసుగెత్తి ఎవరో రెండుసార్లు చప్పట్లు కొట్టారు, ఆ చప్పుడుకు ఆమె అరికాళ్ళు జివ్వుమన్నాయి. పది నిమిషాలు. చీర కట్టుకుని, జుట్టుకు తెల్లరంగు కూడా అక్కర్లేకుండా, ఆ దీపాల కిందికి వెళ్ళి నిలబడితే చాలు. గుర్తుంది, అంతా గుర్తుంది, ఇప్పుడు అడిగితే మొదటినుంచి చివరిదాకా అప్పజెబుతుంది. ఇప్పుడు గుర్తుంది. గంట తర్వాత, చేయి కంచం అంచు మీద ఉన్నప్పుడు? మళ్ళీ మర్చిపోతే మళ్ళీ లేస్తారు, అదే భయం. ఏమీ లేని చేతుల్లోంచి తీసుకుని మనసు నిండిపోయిందనుకుని వెళ్ళిపోతారు, ఒక్క మనిషి తప్ప. అయినా ఒళ్ళంతా కావాలి కావాలి అంటోంది, ఆకలేసిన పిల్ల గిన్నె చూసినట్టు. ఆమె మేష్టారి చేతుల్లోంచి చేతులు తీసుకుని తలుపు తట్టింది.

"నేనే అమ్మాయ్. పెద్దక్కని."

గడియ తీసిన చప్పుడు. ఆ పిల్లకు ఇరవై తొమ్మిదేళ్ళు, సగం ముఖానికే ముసలితనం పూసుకుంది, మిగతా సగం కన్నీళ్ళు కడిగేశాయి. ఆమె లోపలికి వచ్చి మళ్ళీ గడియ పెట్టింది.

"నాకు రావట్లేదు పెద్దక్కా. ముందు ఇరవై లెక్కపెట్టమన్నారు, తర్వాత నలభై. ఊపిరి బిగబట్టి అరవైదాకా లెక్కపెడుతున్నాను. ఒక్కళ్ళూ లేవరు. మొన్న ఎవరో నవ్వారు కూడా. ఆ నిమిషంలో లోపల మీరేమనుకున్నారు? అదొక్కటి చెప్పండి, కాళ్ళు పట్టుకుంటాను."

అద్దం చుట్టూ ఉన్న బల్బుల్లో రెండు వెలగడం లేదు. ఆమె ఆ రెండు బల్బులకేసి చూసింది. ఈ ఒక్క మాట చెప్పకుండా ఉంటే ఆ నిమిషం ఆమెదే, చచ్చిపోయాక కూడా ఆమెదే, ఎవరో ఎక్కడో చెప్పుకుంటూనే ఉంటారు.

"ఏమీ అనుకోలేదు. మర్చిపోయాను."

"మాటా?"

"మాట, వంటిల్లు, వాడెవడో, నేనెవరో. అన్నీ. డాక్టరు ఇక ఇలాగే ఉంటుందన్నాడు."

ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది. ఏడుస్తుందనుకుంటే, "అయితే నాలుగు నెలల్నుంచీ నేను మీ మతిమరుపుని ప్రాక్టీస్ చేస్తున్నానా?" అంది, అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, బయట మేష్టారికి వినపడకుండా, కడుపు నొప్పి పుట్టేలా నవ్వారు. నవ్వు ఎక్కడ ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు. ఆ పిల్లే ముందు తేరుకుని ఆమె కళ్ళు తన కొంగుతో తుడిచింది, కొంగుకు ఉన్న రంగు ఆమె చెంపకు అంటింది.

"ఇప్పుడేం చెయ్యను?"

"మాట చెప్పు. అక్కడ ఒకావిడ ఆ మాట వినడానికే వచ్చి కూర్చుంది."

"మేష్టారు తీసేశారు కదా."

"ఆయన హాలు చివర లైట్ల దగ్గరుంటాడు. అక్కణ్ణుంచి దూకొచ్చి నీ నోరు ముయ్యలేడు. ఇలా రా, ఈ చెంపకి రంగు వెయ్యాలి."

పూసింది. వేళ్ళకు అంతా గుర్తుంది, కంటి కింద ఎంత, నోటి పక్కన ఎంత. తన ముఖం మీద వందలసార్లు వేసుకున్న ముడతల్ని ఆ లేత చెంప మీద ఒక్కొక్కటే దిద్దుతుంటే, ఇచ్చేస్తున్నాను కదా అన్న దిగులు మోచేతిదాకా వచ్చి ఆగింది. వెళ్ళేటప్పుడు తాళ్ళ పక్కన ఒక్క క్షణం నిలబడింది. తెర మడత వెనక ఆ చీకటి, ఆ వేడి. చేయి చాపితే తగులుతుంది. ముసలాయన తాడు పట్టుకుని ఆమెకేసి చూశాడు, లాగనా అన్నట్టు. ఆమె తలూపి, మూడు మెట్లూ దిగింది.

దీపాలు ఆరిపోతుండగా వరుసలోకి వచ్చింది. ఆమె కుర్చీలో చేతిసంచి ఉంది, దాని మీద కండక్టరావిడ చెయ్యి ఉంది. "ఇద్దరడిగారు. మనిషుందని చెప్పాను" అంటూ సంచి తీసి ఇచ్చింది, అంతే. తెర లేచింది. ఆ పిల్ల మొదటి మాటలు కంగారుగా అంది, చొక్కాలు తెచ్చేటప్పుడు ఒకటి దారిలోనే పడేసుకుంది, వంగి తీసుకునే తీరులో మాత్రం ఏదో కొత్తగా ఉంది, ఆమె ఎప్పుడూ అలా వంగలేదు. అరగంట గడిచింది, ఇంకొంతసేపు గడిచింది. కంచం వచ్చింది. బల్ల మీద పెట్టింది. చేయి కంచం అంచు మీద ఉంది. హాలు ఆ ప్రఖ్యాతమైన మౌనం కోసం సర్దుకుంది, వెనక ఒకాయన ముందుగానే గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల ఆగలేదు. కంచం కాస్త అతనివైపు జరిపింది.

"కూర్చో. తిని వెళ్ళు."

ఎవరూ లేవలేదు. చప్పట్లు లేవు. టోపీ మనిషి మాత్రం నాలుగు నెలల తర్వాత ఆ మాట విని ఉలిక్కిపడి, నిజంగానే కాళ్ళు పట్టుతప్పినట్టు కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడొచ్చింది నిట్టూర్పు. ఇన్నేళ్ళూ ముఖానికి ఎదురుగా తగిలిన ఆ ఊపిరి ఈసారి వెనకనుంచి, పక్కలనుంచి, ఆమె మెడ మీదుగా, ఆమె చెవుల పక్కనుంచి వేదికకేసి వెళ్ళింది, అందులో ఆమె ఊపిరీ ఉంది. పక్కన కండక్టరావిడ కళ్ళు తుడుచుకోలేదు. భుజం మీదినుంచి సంచి పట్టీ తీసి, సంచిని కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది.

వేదిక మీద టోపీ మనిషి మొదటి ముద్ద నోటిదగ్గర ఆపి, తల్లికేసి తలెత్తి చూశాడు. ఏదో అడగబోతున్నాడు. ఏం అడుగుతాడు? ఆమె వెతికింది. అక్కడ ఏమీ లేదు. మూడువందల పన్నెండుసార్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది, ప్రశ్నా లేదు, జవాబూ లేదు, ఖాళీ. పాత భయం తిరిగొచ్చింది. కాని ఎవరూ ఆమెకేసి చూడటం లేదు. నాలుగువందలమందీ, తల్లి ఒళ్ళో పసిపిల్లతో సహా, అటే చూస్తున్నారు, వాళ్ళలో చాలామందికి కూడా తెలియదు. ఆ తల్లి ఏమంటుందో, అతను తింటాడో లేచిపోతాడో, ఆమెకు తెలుసుకోవాలనిపించింది, ప్రాణం పోయేంతగా అనిపించింది. కుర్చీ అంచుకు జరిగి, కండక్టరావిడ చెవి దగ్గరికి వంగింది.

"తర్వాత ఏమవుతుంది?"

"ష్," అంది కండక్టరావిడ, ఆమె చెయ్యి పట్టుకుని. "చూడండి."